తొక్కల డబ్బా

జ్ఞానాపురం మార్కెట్లో లారీ దిగిన పెట్టెల్లో
అడుగున నలిగినవి మావి.
కళాసీలందరికీ ఒకటే లెక్క:
మోసినవాడికి మెత్తబడ్డది.

డిసెంబరులో పాడేరు కమలాలొస్తాయి.
నాగపూర్ వాటిలా నున్నగా, పటం కట్టినట్టు ఉండవు.
అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలా
తొక్క వదులు, లోపల కాయ చిన్నది.
బొటనవేలు ఆనిస్తే చాలు, ఊడొచ్చేస్తుంది.
గింజలెక్కువ. పులుపూ ఎక్కువే.
ఒక్కటి ఒలిస్తే మాత్రం
మా ఒంటిగది ఇల్లు సరిపోదు ఆ వాసనకి.

పండు పిల్లది.
తొక్క నాది.

నూకరత్నం హార్బరు పక్క రొయ్యల షెడ్డులో
తెల్లారి ఆరింటి నుంచి ఐసు నీళ్లలో చేతులు పెట్టి
తల తుంచి, పెంకు ఒలిచి, నరం లాగి,
కిలోకి ఇంతని చీటీ రాయించుకుని
చీకటి పడ్డాక వస్తుంది.
నాకు అర్ధరాత్రి దాటాక పని, పదకొండుకల్లా ఇల్లు.
అంచేత పొయ్యి నాదే.

పనిలో చేరిన కొత్తలో అన్నం చెంచాతో తినేది.
"ఏటి, దొరసానివైపోనావా?" అన్నాను.
చెయ్యి తెచ్చి నా ముక్కు దగ్గర పెట్టింది.
సబ్బు, సబ్బు మీద నిమ్మచెక్క,
వాటి కింద ఇంకా రొయ్య.
పిల్ల రోజూ జడకి నా దగ్గరికే ఎందుకొచ్చేదో
అప్పుడు తెలిసింది.

మార్కెట్లో పళ్లు ఏరే సన్యాసమ్మ చెప్పింది:
"తొక్క మడిచి నొక్కు. చిమ్ముతాది సూడు, అదే మందు.
రాళ్లుప్పేసి రుద్దు."
ఉప్పేస్తే మండింది.
వేళ్ల నిండా రొయ్య ముల్లు గీతలు, నేనెప్పుడూ చూడనివి.
ఉప్పు మానేసి శనగపిండి కలిపాను.

ఎండు తొక్కల పొడి ఏడాదికి సరిపడా కావాలి.
ఈ ఊళ్లో ఏదైనా ఎండబెట్టి చూడండి.
పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే
తెల్ల చీర మీద సాయంత్రానికి నల్ల చుక్కలు.
పాత దోమతెర కప్పాను.
"తొక్కలకి దోమతెర కట్టిన మొగుడు
ఇశాపట్నంలో నువ్వొక్కడివే" అంది.
ఆ నెలలో నవ్వడం అదే మొదలు.

తర్వాత నాకు పిచ్చి పట్టిందనే అనుకోండి.
సన్నగా తరిగి, ఉప్పునీళ్లలో రెండు పొంగులు రానిచ్చి,
నువ్వుల నూనెలో మగ్గబెట్టి,
చింతపండు, బెల్లం, ఎండుమిరప, కాస్త మెంతిపొడి.
చేదు కొంచెం మిగలాలి.
మొత్తం పోతే ఇక అది పచ్చడెందుకు, మిఠాయి కొట్లో పెట్టుకోవచ్చు.
ఉడికించిన నీళ్లతో గచ్చు తుడిచాను.
చారులో ఒక ముక్క వేశాను. పిల్ల ఏరి పక్కన పెట్టింది.
బియ్యం డబ్బాలో వేస్తే పురుగు రాదన్నారు.
వచ్చింది. కమలా వాసనతో వచ్చింది.

మా ఇంట్లో రొయ్యలు వండం.
పండక్కి కూడా.

మొన్న రాత్రి కరెంటు పోయింది.
పిల్ల కొవ్వొత్తి దగ్గర తొక్క నొక్కి
చిటపటమని నిప్పు చుక్కలు రాలుస్తోంది.
"కళ్లు జాగ్రత్త" అని నూకరత్నం దాన్ని వెనక్కి లాక్కుంది.
ఆ లాక్కున్న చెయ్యి దాని తలమీదే ఉండిపోయింది.
కాసేపటికి రిబ్బను ఊడదీసి
చీకట్లోనే పాయలు తీయడం మొదలెట్టింది.
పిల్ల కదల్లేదు.
నేను ఇంకో కాయ ఒలిచాను,
అవసరం లేకపోయినా.

ఫిబ్రవరి వచ్చేసింది. డబ్బాలో పొడి
పిడికెడు తక్కువే పడింది.
బత్తాయి తొక్క పనికిరాదు, చూశాను.
ఇక మీదట పుచ్చకాయలు, ఆ తర్వాత మామిడి.
వాటిలో మా ఇంటి పనికొచ్చేదేమీ లేదు.

నిన్న ఆఖరి పాడేరు లారీ.
ఒక పెట్టె కొంచెం గట్టిగానే దించాను.
మేస్త్రీకి చెప్పకండి.